పూలచేను, ఉలవచేను

గూళూరులో బస్సు ఆగేచోట ఉన్న వనజమ్మ అంగడికి వెళ్ళి పావుకిలో చక్కెర తెచ్చుకోవాలన్నా కొంచెం తీరిక చేసుకుని వెళ్ళాలి. ఆమె చక్కెర తూచే లోపల మీ ఇంటికి నిన్న వచ్చిన చుట్టాలెవరో, ఎందుకొచ్చారో, వచ్చిన పని అయిందో లేదో అంతా చెప్పేసి రావాలి. చెప్పనంటే కుదరదు. ఆమె అడిగే తీరు అట్లాంటిది. దగ్గుకు శొంఠి కావాలని వెళితే దగ్గు ఎవరికని మొదలుపెట్టి, అక్కణ్ణించి ఆ దగ్గే మనిషి కూతురి పెళ్ళిచూపుల దాకా వెళ్ళిపోతుంది. అందులో చెడ్డ బుద్ధి ఏమీ లేదు. ఆమెకు తెలుసుకోవాలని ఉంటుంది, అంతే. తెలుసుకున్నది కడుపులో దాచుకోవడం కూడా రాదు. అందుకే ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరిల్లు ఏదో, ఎవరు ఎవరికి ఏమవుతారో కనుక్కోవాలంటే పంచాయతీ ఆఫీసు వైపు చూడరు, నేరుగా ఆ పచ్చ తలుపుల అంగడికే వస్తారు.

ఆమె భర్త పద్మనాభశెట్టి అడిగితేనే మాట్లాడతాడు, అడిగినంతే మాట్లాడతాడు. వనజమ్మ పొద్దంతా ఊరందరినీ అడిగి అడిగి, ఇంట్లోకి వచ్చేసరికి అలిసిపోయి, మొగుణ్ణి మాత్రం ఏమీ అడక్కుండా వదిలేస్తూ వచ్చింది. ఆయనకూ అదే సుఖంగా ఉండేది.

కరోనా వచ్చిన ఏడాది, ఆషాఢం వెళ్ళిపోయే రోజుల్లో, ఆమె ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. కన్నడంలో ఉంది. ఆమె చదివింది కన్నడ బడిలోనే కాబట్టి చదవడం కష్టం కాలేదు, నమ్మడమే కష్టమైంది. లాక్‌డౌనులో పంట అమ్ముకోలేక నష్టపోయిన పూల రైతులకు సర్కారు ఇస్తానన్న పరిహారం పద్మనాభశెట్టి ఖాతాలో జమ అయిందట.

"ఏమప్పా, మనం పూలెప్పుడు పెట్టినాము?" అంది వనజమ్మ.

"పెట్టలేదు" అన్నాడు పద్మనాభశెట్టి పేపరు మీంచి తలెత్తకుండా.

"మనల్ని పూల రైతులంటాండారే."

"అంటే అననీలే."

అననీలే అంటే ఊరుకునే మనిషి కాదు వనజమ్మ. అడగని వానికి సర్కారు డబ్బు పంపడమేమిటి? ఎవరు చెప్పారు వాళ్ళకు, శెట్టి పూలు పెట్టాడని? ఈ సంగతి తేలేదాకా ఆమెకు అన్నం సయించదు.

వాళ్ళకున్నది ఊరి వెనక గుట్ట వాలులో ఒకే ఒక్క మెట్టచేను. దాని పేరు పూలచేను. పద్మనాభశెట్టి ముత్తాత కాలంలో అక్కడ గుడికి పూలు పెంచేవారని చెప్పుకుంటారు. విన్నవాళ్ళే గానీ చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వనజమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి అందులో ఉలవలు తప్ప ఇంకో పంట లేదు. దానికి ఆనుకొని, గట్టుకు అవతల ఉన్నది చౌడమ్మ చేను. దాని పేరు ఉలవచేను. అది రాళ్ళనేల, ఒకప్పుడు ఉలవలు కూడా అరకొరగానే పండేవట. చౌడమ్మ మొగుడు బతికున్నప్పుడు అందులో బోరు వేయించాడు, నీళ్ళు పడ్డాయి, అప్పటి నుంచి ఆ ఉలవచేన్లో బంతిపూలు పండుతున్నాయి. అంటే పూలచేన్లో ఉలవలు, ఉలవచేన్లో పూలు. ఊరివాళ్ళకు ఇందులో వింతేమీ కనపడదు. పేరు పేరే, పంట పంటే. "రేపు పూలచేన్లో ఉలవలు పీకల్ల, రాండమ్మా" అని కూలికి పిలిస్తే నవ్వేవాళ్ళెవరూ లేరు.

చౌడమ్మ రోజూ పొద్దున్నే పూలగంపతో వచ్చి, అంగట్లో దేవుడి పటానికి మొదటి మూర ఇచ్చి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టేది. ఆ ఏడాది ఉగాది కోసం సంచుల నిండా కోసి పెట్టుకుంది. ఉగాది పొద్దునే దేశమంతా మూసేశారు. చిక్కబళ్ళాపురం మార్కెట్టుకు పోయే టెంపో రాలేదు. సంచుల్లో పూలు సంచుల్లోనే కుళ్ళసాగాయి. అది చాలదన్నట్టు ఎండాకాలం మధ్యలో బోరు మోటారు కాలిపోయింది. అది బాగుచేయిస్తేనే మళ్ళీ పూలు పెట్టగలదు. బాగుచేయించడానికి చేతిలో ఏమీ లేదు. పూల రైతులకు పరిహారం ఇస్తారని టీవీలో విని, పరిగెత్తి వెళ్ళి ఆమెకు చెప్పింది వనజమ్మే. ఆ మాట పట్టుకొని చౌడమ్మ ఎదురు చూస్తూ కూర్చుంది. రాకపోతే ఇల్లు తాళం వేసి చింతామణిలో తమ్ముడి దగ్గరికి పోయి, టమాటా మండీలో కాయలు ఏరే పనికి చేరతానని అంటోంది.

మెసేజి వచ్చిన సాయంత్రం చౌడమ్మ అగ్గిపెట్టె కోసం వచ్చింది.

"నీకు పరిహారం వచ్చెనా?" అని అడిగింది వనజమ్మ.

"యాడ వచ్చేది అమ్మా. సేవాకేంద్రంలో చూపిస్తి. సర్కారు లెక్కలో నా చేన్లో ఉండేది ఉలవలంట. ఉలవలకు ఈ పరిహారం లేదంట."

దాచుకోవడం చేతకాని వనజమ్మ తమకు వచ్చిన సంగతి అప్పుడే చెప్పేసింది. చౌడమ్మ మొహాన మాస్కు ఉంది గనక కళ్ళే కనపడ్డాయి. ఆ కళ్ళు కాసేపు కదలకుండా ఉండిపోయాయి.

"మీకొచ్చిందా" అంది.

"తప్పుగా వచ్చినట్టుంది. నీది నువ్వు తీసుకో చౌడమ్మా. శెట్టికి చెప్పి రేపే తెప్పిస్తా."

"వద్దమ్మా. మీ ఖాతాలో పడింది నేను తీసుకుంటే దానం తీసుకున్నట్టే. నేను ఒళ్ళొంచి పెంచినాను. నా చేన్లో పూలుండెనని సర్కారు ఒప్పుకొని ఇస్తే తీసుకుంటా."

వనజమ్మ తక్కెడ పక్కకు నెట్టి, "ఎవురో ఆఫీసోళ్ళకు తప్పు చెప్పినారు. ఆ చెప్పిన నోరు పడిపోను. అది ఎవురో కనుక్కోకుండా వదల్ను, చూస్తా ఉండు" అంది.

మరుసటి రోజు నుంచి అంగట్లో బేరం తగ్గి విచారణ పెరిగింది. పాలవాణ్ణి అడిగింది, పంచాయతీ మెంబరును అడిగింది, బస్సు కండక్టరును కూడా వదల్లేదు. పంట సర్వేకు వచ్చినవాళ్ళు ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఎవరితో మాట్లాడారు? ఎవరికీ తెలియదు. చివరికి అంగడి శెట్టికి అప్పగించి, చీర కొంగు మాస్కు మీద ఇంకో చుట్టు చుట్టుకొని బాగేపల్లి బస్సెక్కింది.

పరిహారం పని చూసే ఆఫీసులో నరసింహప్ప అనే ఆయన కంప్యూటరు ముందు కూర్చొని ఉన్నాడు. వయసు మళ్ళిన మనిషి, విసుగు తక్కువ. ఆమె చెప్పిందంతా విని, "డబ్బు రాలేదని వచ్చేవాళ్ళను రోజూ చూస్తా ఉండా. వచ్చిందని తగవుకు వచ్చింది మీరొక్కరే" అని, తెర ఆమె వైపు తిప్పాడు. పద్మనాభశెట్టి సర్వే నంబరు కింద పూలు అని ఉంది. కింద ఫోటో. చేను నిండా బంతిపూలు, వెనక మోటారు కొట్టం, దాని మీద వంకరగా వేసిన నీలం రేకు.

ఆ రేకును వనజమ్మ ఎక్కడైనా గుర్తుపడుతుంది. అది వేసిన రోజు అది ఎంతకు కొన్నారో, వంకరగా ఎందుకు వేశారో చౌడమ్మను అడిగి తెలుసుకున్నది ఆమే.

"ఇది చౌడమ్మ చేను సార్. మాది కాదు."

"ఫోటో నిజమేనమ్మా. సర్వేకు పోయినోళ్ళు గట్టు మీద నిలబడి రెండు పక్కలా తీస్తారు. ఏది ఎవరిదో ఊళ్ళో అడిగి రాసుకుంటారు. అడిగినకాడ ఎవురో తారుమారు చెప్పుంటారు."

"ఎవురు చెప్పినారు సార్?"

"నాకెట్ల తెలుస్తాది? సర్వే చేసిన అమ్మాయి రక్షిత అని, దిబ్బూరహళ్ళి. నంబరిస్తా, మీరే అడగండి."

వనజమ్మ బస్టాండు దాకా కూడా ఆగలేదు. ఆఫీసు గేటు పక్కన నీడ చూసుకొని ఫోన్ చేసింది. పిల్ల గొంతు హడావిడిగా పలికింది. పట్టుపురుగులకు ఆకు వేస్తున్నానని, ఒక్క నిమిషం ఆగమని అంది. ఆ ఒక్క నిమిషం అయ్యాక, ఇంత పెద్ద పని మీద ఉండి కూడా, ఈ తూరి గూళ్ళు బాగా కట్టాయా, లాక్‌డౌనులో వాటిని ఎట్లా అమ్ముకున్నారు అని వనజమ్మ అడిగేసింది. అలవాటు మరి. రక్షిత ఓపిగ్గా అన్నిటికీ చెప్పింది. అప్పుడు అసలు సంగతికి వచ్చింది.

"గూళూరా? యాల మరిచిపోతానమ్మా" అంది రక్షిత. "లాక్‌డౌనుకు ముందు వస్తి. గట్టు మీద నిలబడి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి ఫోటో తీసుకుంటి. ఈ పక్క ఉలవలు, ఆ పక్క బంతిపూలు. ఏది ఎవురిదో చెప్పేదానికి చేన్లలో ఒక్క మనిషి లేదు. ఎండకు తల తిరగతాండె. బస్సు నిలబడేకాడ ఒక అంగడుంటే పోయి అడిగినా."

"యా అంగడి?"

"పచ్చ తలుపులుండాయి, ఆ అంగడి."

వనజమ్మ చేయి మాస్కు మీదికి పోయింది. "అంగట్లో ఎవురుండ్రి?"

"ఒకమ్మ బెల్లం తూస్తాండె. పేపరు చదువుకుంటా ఒకాయన ఉండె. ఆయమ్మ శానా మంచిది, కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. మా ఊరేది, జీతమెంత, పెండ్లయిందా, కాకపోతే యాల కాలేదు, అన్నీ అడిగింది. అన్నిటికీ చెప్పినా. ఆఖర్న నేను ఒకే ఒక మాట అడిగినా. పద్మనాభశెట్టిది యాదమ్మా, పూలచేనా, ఉలవచేనా అని. శెట్టిది పూలచేను, చౌడమ్మది ఉలవచేను అనింది. తక్కెడ మీంచి తలకాయ గూడా ఎత్తలేదు." పిల్ల గొంతు తగ్గించింది. "అమ్మా, ఉండారా? నేనేమన్నా తప్పు రాస్తినా?"

"నీ తప్పేం లేదు పాపా" అని వనజమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ పిల్ల పంట అడిగింది. తను పేరు చెప్పింది. ఇద్దరూ ఒక్క అబద్ధం ఆడలేదు. వనజమ్మకు ఆ మధ్యాహ్నం ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. ఆ పిల్ల చెవులకు పెట్టుకున్న కమ్మలు గుర్తున్నాయి, తూస్తున్న బెల్లం ఎవరికో గుర్తుంది. ఎవరినైనా అడిగేటప్పుడు వాళ్ళ మొహంలోకి గుచ్చి గుచ్చి చూసే తను, ఎదుటివాళ్ళు అడిగినప్పుడు మాత్రం తల కూడా ఎత్తలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని గూళూరు దాకా ఏడుస్తూ వచ్చింది. మాస్కు ఉండబట్టి ఎవరికీ కనపడలేదు.

ఇంటికి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"సర్వే పిల్ల వచ్చిన పొద్దు నువ్వూ అంగట్లోనే ఉంటివి గదా?"

"ఉంటి."

"నేను చెప్పింది వింటివా?"

"వింటి. చేను పేరు అడిగిందనుకుంటి. మెసేజి వచ్చినంక అర్థమాయె, ఇదీ సంగతని."

"అప్పుడన్నా నాకు చెప్పకూడదా?"

"ఊరందర్నీ అడిగినావు" అన్నాడు పద్మనాభశెట్టి మెల్లగా. "నన్ను అడగలేదు."

కోపం రావలసిన మాటే. కానీ ఆమెకు కోపం తెచ్చుకునే ముఖం కూడా లేకపోయింది.

చౌడమ్మకు చెప్పాలి. రేపు చెబుదామనుకుంది. రేపు వచ్చింది, చౌడమ్మ కూడా ఉప్పుకని వచ్చింది, వనజమ్మ ఉప్పు కట్టిచ్చి పంపేసింది. నోరు పడిపోను అని తిట్టింది ఆ నోటితోనే. ఇప్పుడు ఆ నోరు తనదేనని చెప్పడానికి నాలుక తిరగడం లేదు. అడగడం కూడా మానేసింది. ఎవరేమి కొన్నా మాట్లాడకుండా తూచి ఇచ్చేస్తుంటే జనానికి భయం వేసింది, కరోనా గానీ తగిలిందేమోనని దూరంగా నిలబడి సామాను అందుకున్నారు. చౌడమ్మ కూడా, "ఒంట్లో బాగలేదా అమ్మా, ఏమీ అడగలేదే" అంది. బాగానే ఉన్నానని తల ఆడించింది గానీ లోపల కుమిలిపోతూనే ఉంది.

ఒక పని మాత్రం చేసింది. రెండు చేన్ల పంటలూ తారుమారుగా పడ్డాయి, సరిచేసి చౌడమ్మకు పరిహారం ఇప్పించండి అని నరసింహప్పకు అర్జీ రాసి పంపింది. ఆయన వచ్చి చేను చూస్తానన్నాడు. చూస్తే చాలు, తను నోరు విప్పే పని లేకుండానే అంతా సర్దుకుంటుందని ఆమె ఆశ.

వినాయక చవితి వెళ్ళాక నరసింహప్ప బైకు మీద వచ్చాడు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, గుట్టంతా పచ్చగా ఉంది. వనజమ్మ ముందు, గొడుగు పట్టుకొని శెట్టి వెనక, మధ్యలో నరసింహప్ప. కరోనా భయానికి ఆ ఏడాది శెట్టి చేను దున్నించలేదు, విత్తించలేదు. వనజమ్మ ఆ వైపు వెళ్ళి నెలలు గడిచిపోయాయి. బీడు పడిన చేను చూపించడమెట్లా అని ఆమె దిగులు పడుతూ దారి మలుపు తిరిగింది.

తిరిగి, అక్కడే నిలబడిపోయింది.

పూలచేన్లో పూలున్నాయి. గట్టు పొడుగునా, గట్టు మీంచి చేను నడిమి దాకా, గడ్డిలో గడ్డిగా బంతి మొక్కలు మోకాలెత్తు లేచి విరగబూశాయి. ఎవరూ వరస పెట్టి నాటలేదు, ఎవరూ తుంచలేదు, వాటి ఇష్టానికి అవి పూశాయి. గట్టుకు అవతల చౌడమ్మ చేన్లో, నీలం రేకు కొట్టం చుట్టూ, నేలకు అంటుకొని ఉలవ తీగలు పాకుతున్నాయి. మోటారు లేని చోట నీళ్ళు అడగని పంట అదొక్కటే, అందుకే చౌడమ్మ ఉలవలు చల్లుకుంది. చల్లిన మనిషి అక్కడే కలుపు తీస్తూ ఉంది. వీళ్ళను చూసి లేచి నిలబడింది.

నరసింహప్ప కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది మీ చేనేనా అమ్మా?"

"మాదే సార్."

"పూలుండాయే. ఆ పక్కది చౌడమ్మదా? ఉలవలుండాయే." ఆయన అర్జీ తీసి చూశాడు. "రెండూ తారుమారుగా రాసినారని ఇందులో ఉండాది. నా కండ్లకు సరిగ్గానే కనపడతాండాయి. ఫోటోలో ఆ నీలం రేకుండాది గానీ, గట్టు మీంచి తీస్తే యా చేను వెనకైనా అది పడతాది. నేనేమని రాయల్ల?"

ఈ పూలు ఎక్కడివి? వనజమ్మ తిరిగి మొగుడి వైపు చూసింది, ఈసారి అడిగింది కూడా. "ఏమప్పా, ఇవి యాడివి?"

"చౌడమ్మవి" అన్నాడు పద్మనాభశెట్టి. "ఉగాదికి కోసినవి సంచుల్లో కుళ్ళతాంటే యాడ పారబొయ్యాలని ఏడుస్తాండె. మా చేన్లో పొయ్యి, ఎరువన్నా అవుతాదంటి."

"నాకు చెప్పలేదే."

"అడగలేదు గదా."

కంపెనీ నారు నుంచి రాలిన విత్తనం మళ్ళీ మొలవదని అందరూ అంటారు. పూలు కుళ్ళాయి, ఎండాయి, వాన పడింది, మొలిచాయి. కంపెనీ ఏమన్నదో వాటికి తెలియదు.

"మొలిచేది చూసి గూడా నువ్వు నోరు విప్పలేదే చౌడమ్మా?" అని అడిగింది వనజమ్మ.

"మీ చేన్లో మొలిస్తే మీవి గదమ్మా. నేనేమని చెప్పల్ల?"

కళ్ళ ముందు ఇన్ని పూలు పూసి, కొన్ని మొక్క మీదే ఎండిపోతున్నా, గట్టు దాటి ఆమె ఒక్క పువ్వు కూడా కోయలేదు. వనజమ్మ ఎండిన పూలను చూసింది, కోయని ఆ చేతులను చూసింది. సిగ్గుతో ఆమెకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

నరసింహప్ప గట్టు మీద కూర్చున్నాడు. "ఒక దారుండాదమ్మా. ఆ సర్వే పిల్లకు ఆ పొద్దు తప్పు చెప్పిందెవురో, ఆ మనిషే వచ్చి, నేనే చెప్పినా, తప్పయిందంటే అది గూడా రాసి పైకి పంపిస్తా. సాక్ష్యం లేకుండా నేనేం చేసేదానికి లేదు. ఎవురో తెలిసెనా?"

గాలికి బంతిపూల వాసన వస్తోంది. శెట్టి గొడుగు మూశాడు. ఆయన చెప్పడని ఆమెకు తెలుసు. ఆయన్ను ఎవరూ అడగలేదు.

"నేనే సార్" అంది వనజమ్మ.

అంతటితో ఆపలేదు. ఆపితే మళ్ళీ నోరు పెగలదని భయం. చౌడమ్మ వైపు తిరిగి, బెల్లం తూస్తూ తలెత్తకుండా చెప్పిన ఆ ఒక్క మాటా, ఆఫీసు గేటు దగ్గర తెలుసుకున్నదీ, తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఉప్పు కట్టిచ్చి పంపినదీ అంతా చెప్పింది. "ఆ పడిపోవల్సిన నోరు నాదే చౌడమ్మా" అంది.

చౌడమ్మ చేతికంటిన మట్టి దులుపుకుంది.

"తెలుసమ్మా" అంది.

"ఎట్ల తెలుసు?"

"ఈ ఊర్లో ఎవురేం కావల్లన్నా అడిగేది మిమ్మల్నే గదా. ఇంకెవురు చెప్పుంటారు. మీరెప్పుడు చెప్తారో చూద్దామని ఉంటి." ఆమె గొంతులో కోపం లేదు, కానీ చల్లగా కూడా లేదు. "మీరు అడగడం మానేస్తిరి చూడండి, అప్పుడే తెలిసె, మీకూ తెలిసిపోయిందని."

నరసింహప్ప అర్జీ వెనక రాసుకున్నాడు. పైకి పంపుతానన్నాడు, ఎప్పటికి తేలుతుందో మాత్రం చెప్పలేనన్నాడు. మోటారు అప్పటిదాకా ఆగుతుందిగానీ చౌడమ్మ ఆగదు. ఉలవలు ఇంట్లో పడగానే చింతామణికి వెళ్ళిపోతానని మళ్ళీ అంది.

వనజమ్మ గడ్డిలో ముందుకు నడిచింది. మొక్కల మొదట్లో ఇంకా కుళ్ళిన పూల పీచు నల్లగా నేలకు అంటుకొని ఉంది. వంగి దాన్ని వేలితో కెలికింది. లేచేసరికి ఆమె మొహం మారింది. అంగట్లో ఎవరైనా దొరికినప్పుడు వచ్చే పాత ముఖం అది.

"చౌడమ్మా, ఒకటి అడుగుతా చెప్పు. సర్కారు ఆ దుడ్డు దేనికిచ్చింది?"

"కుళ్ళిపోయిన పూలకు."

"కుళ్ళిన పూలు ఎవురివి?"

"నావి."

"యాడ కుళ్ళినాయి?"

చౌడమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. పూలచేను వైపు చూసింది.

"మీ చేన్లో" అంది.

"అట్లయితే సర్కారు రాసిందాంట్లో తప్పేముంది? పూలు పూలచేన్లోనే కుళ్ళినాయి. అందుకే ఆ చేని లెక్కకు దుడ్డు పడింది. పూలు నీవి. ఇంగ దుడ్డు ఎవురిదో నువ్వే చెప్పు. నేను చెప్పను, నేను చెప్తే ఏమయితాదో చూసినాము గదా."

నరసింహప్ప నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. చౌడమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నాదే" అంది.

"ఈ పూసినవి?"

"అవీ నావే."

"నీవయితే కోసుకో మరి. ఎండిపోతాండాయి."

చౌడమ్మ గట్టు దాటింది. కొంగు దోపుకొని, మొదటి పువ్వు తుంచింది.

ఆ డబ్బుతో మోటారు బాగయింది. చౌడమ్మ చింతామణికి వెళ్ళలేదు. దసరాకు ముందు ఒక పొద్దున పూలగంపతో అంగడి ముందు దిగింది. దేవుడి పటానికి మొదటి మూర ఇచ్చింది. బేరం తప్ప రెండో మాట మాట్లాడలేదు. ఆ మాటలు తిరిగి రావడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది, వనజమ్మ కూడా తొందర పెట్టలేదు.

మాఘంలో పంట సర్వేకు రక్షిత మళ్ళీ వచ్చింది. పచ్చ తలుపుల ముందు బండి ఆపి, హెల్మెట్టు తీసి, లోపల తూకం వేస్తున్న మనిషిని గుర్తుపట్టి నవ్వింది. వనజమ్మ మజ్జిగ ఇచ్చింది. పెళ్ళి కుదిరిందా అని కూడా అడిగింది. రక్షిత మజ్జిగ తాగి ఫోను తీసింది.

"అమ్మా, ఈ తూరి శెట్టిగారి చేన్లో ఏముండాది, చౌడమ్మ చేన్లో ఏముండాది?"

వనజమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. తూస్తున్న కందిపప్పు తక్కెడలోనే వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకొని, అంగడి మెట్లు దిగింది.

"నాకు తెలీదు పాపా" అంది. "పద, పోయి చూద్దాం."